విద్యార్థుల పెద్దదిక్కు – సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన పాలమూరు సీమలోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. మద్రాసులో చదివి పట్టభద్రులై, న్యాయశాస్త్రమును కూడ అభ్యసించిరి.

ఆ కాలమున నిజాము రాజ్యములో ఉన్నతవిద్య ఉర్దూలో సాగుచుండెను. పల్లెలనుండి హైదరాబాదు చేరిన తెలుగు బాలురకు వసతి దొరకుటయే కష్టము; తెలుగు గ్రంథములు దొరకుట మఱింత కష్టము. పాలమూరు సీమవారే యైన రాజా బహదూరు వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. తరువాత ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శులై, పెక్కేండ్లు ఆ భారమును వహించిరి.

విద్యార్థులకు అన్నము పెట్టి, నియమములు చెప్పినచో చాలునని అనేకులు తలతురు. ప్రతాపరెడ్డిగారు అంతటితో తృప్తి చెందలేదు. అచ్చటి గ్రంథాలయమును పెంపొందించి, తరగతిలో లభింపని తెలుగు సాహిత్యమును బాలురకు అందుబాటులోనికి తెచ్చిరి.

1926లో గోలకొండ పత్రికను స్థాపించి, హాస్టలులో చేసిన పనినే ప్రజలందఱి కొఱకు సాగించిరి. తెలంగాణమున కవులు లేరను నింద వినవచ్చినపుడు, వాదముతో సరిపెట్టక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి.

ఆయన 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. ఆయన రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

విద్యాసంస్థకు పెద్దయైనవాడు తాళపుచెవులను భద్రపఱచుటతో తన విధి ముగిసినదని భావింపరాదు. పుస్తకముల బీరువాను విద్యార్థులకై తెఱచి యుంచినవాడే నిజమైన పెద్ద.