మట్టిలో దాచిన సాక్ష్యం: ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్

రాజ్యమేలినవారు తమ చరిత్రను తామే వ్రాయించుకొంటారు. హతమార్చబడినవారి చరిత్రను వ్రాసేదెవరు? ఈ ప్రశ్నకు తన ప్రాణమే మూల్యంగా చెల్లించి సమాధానమిచ్చిన చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్.

ఆయన 1900 నవంబరు 21న గలీసియా ప్రాంతంలోని బుచాచ్ పట్టణంలో, యూదు కుటుంబంలో జన్మించారు. నేడు ఆ పట్టణం ఉక్రెయిన్‌లో ఉన్నది. వార్సా నగర యూదుల మధ్యయుగ చరిత్రపై పరిశోధించి 1927లో డాక్టరేటు పొందారు. ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించారు. 1939 ఆగస్టులో జెనీవాలో ఒక మహాసభకు హాజరైన ఆయన, యుద్ధం ముంచుకొస్తున్నదని తెలిసి కూడా వార్సాకే తిరిగివచ్చారు.

1940 నవంబరులో నాజీలు వార్సా యూదులను గోడల నడుమ బంధించారు. నాలుగు లక్షలకు పైగా జనం ఆ ఇరుకు వాడలో ఆకలితో, విషజ్వరంతో కృశించిపోయారు. అక్కడే రింగెల్‌బ్లూమ్ ఒక రహస్య బృందాన్ని నడిపారు. శనివారాలు సమావేశమయ్యేవారు గనుక విశ్రాంతి దినపు ఆనందం అనే అర్థంలో దానికి ఓనెగ్ షబ్బాత్ అని పేరు పెట్టుకొన్నారు. ఉపాధ్యాయులు, రచయితలు, మతగురువులు అందులో సభ్యులు. దినచర్యలు, ఉత్తరాలు, రహస్య పత్రికలు, గోడ ప్రకటనలు, రేషను కార్డులు, చివరకు మిఠాయి చుట్టిన కాగితాలను సైతం వారు సేకరించారు. యూదు పోలీసుల దౌర్జన్యం వంటి స్వజనుల తప్పులను కూడా దాచక వ్రాశారు. సత్యాన్ని సగం చెప్పడం వారికి సమ్మతం కాలేదు. సామూహిక హత్యలను గురించి వారు సేకరించిన సమాచారం 1942లో పోలండు రహస్యోద్యమం ద్వారా లండనుకు చేరింది.

ఆ ఏడాది జులై 22 నుండి సెప్టెంబరు వరకు రెండున్నర లక్షలకు పైగా ప్రజలను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు. ఆ మారణకాండ సాగుతుండగానే, ఆగస్టు 3న, ఒక పాఠశాల భవనం క్రింద పది లోహపు పెట్టెలలో కాగితాలను పాతిపెట్టారు. 1943 ఫిబ్రవరిలో మరికొన్నింటిని రెండు పాలక్యానులలో ఉంచి పాతారు.

ఆ పిమ్మట రింగెల్‌బ్లూమ్ త్రావ్నికి శిబిరంలో చిక్కుకొన్నారు. మిత్రులు ఆయనను తప్పించి, ఒక పోలండు తోటమాలి తోటలో నేల క్రింద త్రవ్విన రహస్య గదికి చేర్చారు. అక్కడ కూడా ఆయన కలం ఆగలేదు. 1944 మార్చి 7న ఆ చోటు బయటపడింది. కొద్ది దినాలలోనే ఆయననూ, భార్య యెహూదిత్‌నూ, బాలుడైన కుమారునీ కాల్చి చంపారు. ఆశ్రయమిచ్చిన తోటమాలికీ అదే గతి పట్టింది.

యుద్ధానంతరం ఆ బృందంలో ముగ్గురే మిగిలారు. వారి సహాయంతో 1946 సెప్టెంబరులో శిథిలాలు త్రవ్వగా పెట్టెలు దొరికినవి. 1950 డిసెంబరులో పాలక్యానులు లభించినవి. సుమారు 35,000 పుటల ఆ సంపద నేడు వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో భద్రంగా ఉన్నది. 1999లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

విద్యార్థులారా, ఉర్దూలో షహాదత్ అనే పదానికి సాక్ష్యమనీ, ప్రాణత్యాగమనీ రెండర్థాలున్నవి. ఈ చరిత్రోపాధ్యాయుని జీవితంలో ఆ రెండూ ఒక్కటైనవి.