ధాత కరవులో క్లౌ దొర

విద్యార్థులారా, మీ ముత్తాతల తండ్రులు ఎరిగిన కరవొకటి కలదు. 1876లో ధాత నామ సంవత్సరమున మొదలై 1878 వరకు సాగుటచే దానికి ధాత కరవని పేరు వచ్చినది. మన ఇరుగుపొరుగు తమిళులు దానినే తాదు వరుషప్పంజమందురు. అప్పుడు మన డెంకణికోట హోసూరు తాలూకాలోనిది. హోసూరు సేలము జిల్లాలోనిది. మద్రాసు రాజధానిలో ఆ కరవు మిక్కిలి బాధించిన జిల్లాలలో సేలము ఒకటి. దక్షిణ దేశమంతటను అరకోటికి పైగా జనులు మరణించిరని అంచనా. ఇన్ని ప్రాణములు పోవుచుండగా దేవుడెచ్చట నున్నాడని అడుగని నోరుండునా? ఆ ప్రశ్నను తన వాకిటనే వినవలసి వచ్చిన యొక మనుష్యుని చరిత్రను ఇచట చెప్పదలచితిని. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు సీమ ప్రజలకు క్లౌ దొర.

ఆయన 1836లో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో జన్మించెను. బాల్యమంతయు పేదరికమే. పడుచుదనమున మిన్నెసోటా అడవులలో భూమిని కొలుచు సర్వే పనిలో కొన్ని యేండ్లు గడపెను. గొలుసు పట్టి నేల కొలుచు ఆ విద్య తరువాత తెలుగుదేశమున నెందరి ప్రాణములు నిలుపునో ఆనాడు ఆయన కేమి తెలియును? అప్పటికి ఆయనకు భక్తి యనిన గిట్టదు. కళాశాలలో తోడి విద్యార్థి ప్రార్థన చేయుచుండగా విసిగి, గది నడుమ సుద్దముక్కతో గీత గీసి, ప్రార్థన లేవైన నుండిన ఆ వైపుననే చేసికొమ్మని శాసించెనట! ఆ గీత చాలకాలము నిలువలేదు. కొన్ని నెలలలోనే ఆయన కూడ మోకరిల్లెను.

1864 చివర భార్య హారియెట్టుతో ఓడ యెక్కి, మరుసటి యేడు మద్రాసు చేరి, నెల్లూరున తెలుగు నేర్చెను. అచ్చటి అమెరికన్ బాప్టిస్టు మిషనును ఫలితము లేదని మూసివేయవలెనని పెద్దలు పలుమారు తలచియుండిరి. అట్టి మిషను పక్షమున 1866లో ఆయన ఒంగోలులో కాపురము పెట్టెను. ఆ యేటనే తాళ్ళకొండపాడు వాసియగు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. పేరయ్య మాదిగవాడు, తోళ్ళ పని చేయువాడు, అంతకు ముందే యోగమార్గమున దేవుని వెదకినవాడు. చదువు లేకున్నను ఆయన వెంట ఊళ్ళకు ఊళ్ళు కదలెను.

ఇచ్చట మొదటి పరీక్ష వచ్చెను. ఒంగోలులోని పై కులములవారు తమ పిల్లలను దొర బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొనిన యెడల తాము తొలగుదుమని వారు తెలిపిరి. పలుకుబడి గలవారిని పోగొట్టుకొనుటయా, పేదలను త్రోసివేయుటయా? ఆ దినమున భార్యాభర్తలు వేర్వేరు గదులలో కలతతో బైబిలు తెరవగా, ఇరువురికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకములోని బలహీనులను ఎన్నుకొనెనను భాగమే కనబడెనని ఆయన చరిత్రలో నున్నది. పేదలు చేర్చుకొనబడిరి. బడి ఖాళీ అయ్యెను.

పదియేండ్లకు వానలు తప్పినవి. ధాన్యము ధర కొండెక్కినది. పశువులు చచ్చినవి. కూలినాలి చేసి బ్రతుకువారే ముందుగా కూలిపోయిరి. దొరగారి ఆవరణము ఎముకలగూడులైన మనుష్యులతో నిండిపోయెను. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు. కరవు పనిగా సముద్రపుటొడ్డున ఉప్పునీటి కాలువ త్రవ్వించుచుండిరి. నేడు చెన్నైలో మనము చూచు బకింగ్‌హామ్ కాలువ అదియే. దొరగారు ప్రభుత్వము నడిగి అందు మూడున్నర మైళ్ళు కంట్రాక్టుగా తీసికొనెను. మిన్నెసోటా అడవులలో నేర్చిన కొలత ఇచ్చట అక్కరకు వచ్చెను. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. మగవారు త్రవ్వ, ఆడవారు తట్టలతో మన్ను మోసిరి. తాటాకు గుడిసెలు లేచెను. ఏ కులమువాడని చూడక చేసిన పనికి కూలి చేతికందెను. శిబిరములో విశూచి చొచ్చినప్పుడు కూడ పని వదలి పోవుటకు వీలులేకపోయెను. పోయినచో వేలమందికి ఆ పూట గంజి యుండదు. సాయంకాలము పని చాలించి కూర్చుండినప్పుడు, అలసి భారము మోయువారిని క్రీస్తు తనయొద్దకు పిలిచిన మాటను బోధకులు మరల మరల చెప్పుచుండిరి. నెత్తిమీది మంటితట్టను అప్పుడే దించినవారికి ఆ మాట కర్థము చెప్పనక్కరలేదు.

వారిలో ననేకులు తమకు బాప్తిస్మ మిమ్మని వేడిరి. దొరగారు ఇయ్యననెను. ఒకనాడు కాదు, పదునైదు నెలలు ఆ మాటమీదనే నిలిచెను. నా మట్టుకు ఆయన జీవితమున కాలువ త్రవ్వుటకన్న ఇదియే గొప్ప కార్యము. తన చేతిలో కూలి డబ్బున్నంతకాలము, ఎదుటివాని విశ్వాసమేదో ఆకలియేదో తనకే తెలియదని ఆయన ఎరుగును. చేరువారి లెక్కకై మిషనులు ఎదురుచూచు దినములలో అంత ఓపిక సామాన్యము కాదు. ఇది విశ్వసించువానికి గౌరవము, విశ్వసింపనివానికి రక్షణ. మనలో ఎవరి మతము ఏదైనను ఈ సంగతి తలచుకొనదగినదే.

1878 నడుమకు కరవు సడలెను. ఒంగోలులో మశూచి యుండుటచే దొరగారు తనవారిని పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మనెను. ఇక పంచుటకు డబ్బు లేదు, సహాయము ముగిసినదని చెప్పి పంపివేయ తలచెను. ఆ మాట విన్న తరువాత కూడ వారు కదలలేదు. తమకు డబ్బు వలదనియు, తమ వారెందరో కరవులో పోయిరనియు, క్రీస్తును మాత్రము విడువమనియు చెప్పిరి. వారిని విచారించి జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మ మిచ్చిరి. రెండవ నాటి పని సుమారు తొమ్మిది గంటలు పట్టినది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీట దిగి ఒక్కొక్కరిని పేరు పిలిచి ముంచిరి. దొరగారు తాము స్వయముగా ఎవ్వరికిని ఇయ్యలేదు. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606.

ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమునకు పోవుచు నేను రైలు కిటికీనుండి ఆ గుండ్లకమ్మను చూచితిని. వంతెన దాటుటకు నిమిషమైన పట్టలేదు. నీరు సన్నని పాయగా నుండెను.

ఇందరు కూటికై చేరిరను నింద రాకపోలేదు. దానికి బదులు ఆ పదునైదు నెలలే. 1893లో హారియెట్టు మరణించెను. మరుసటి యేడు ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. ఊరూర గుఱ్ఱముమీద తిరిగిన ఆయన కడపటి యేండ్లలో నడువలేని స్థితిలో పడి, అమెరికా చేరి, 1910లో రోచెస్టరు నగరమున కన్నుమూసెను. ఆ మంచము మీదనుండియే తన కథను ఎమ్మాకు చెప్పి వ్రాయించెను. ఆ గ్రంథము 1914లో అచ్చయినది.