పంటి పాచిలో జీవలోకమును గాంచిన లీవెన్‌హుక్

హాలండు దేశమందలి డెల్ఫ్ట్ నగరమున 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ జన్మించెను. బుట్టలల్లి జీవించు తండ్రి, ఇతని బాల్యముననే గతించెను. పదునారేండ్ల ప్రాయమున ఆంటోనీ ఆమ్‌స్టర్‌డామునకు పోయి, బట్టల అంగడిలో పని నేర్చుకొని, 1654లో మరలి వచ్చి స్వంత అంగడి పెట్టెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కలేదు. నాటి పండితుల భాషయైన లాటిను అతనికి రాదు. తెలిసినది మాతృభాషయగు డచ్చి యొకటే.

నేత నాణెమును భూతద్దముతో పరీక్షించుట బట్టల వర్తకులకు అలవాటు. లీవెన్‌హుక్ తానే గాజును సానబట్టి, చిన్న చిన్న కటకములను లోహపు రేకుల నడుమ బిగించి సూక్ష్మదర్శినులను చేసికొనెను. నేడు మిగిలిన వానిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెంచి చూపును. 1673 మొదలు తాను చూచినదెల్ల లండనులోని రాయల్ సొసైటీకి డచ్చిలోనే వ్రాసి పంపుచుండెను. అచ్చటివారే అనువదించి ప్రకటించుచుండిరి. అన్యభాషల నడుమ తెలుగు చదువుచున్న మన బాలబాలికలు ఈ సంగతిని గమనింతురు గాక! నీటియందు కంటికానరాని ప్రాణులున్నవని 1676లో వ్రాయగా పలువురు సందేహించిరి. ఊరి పెద్దలకు చూపి వారి సాక్ష్యపత్రములను పంపవలసి వచ్చెను. 1677లో రాబర్టు హుక్ స్వయముగా చూచి నిజమని తేల్చెను.

మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది 1683 నాటి లేఖ. లీవెన్‌హుక్ ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. అయినను సందులలో మిగిలిన తెల్లని పాచిని వాననీటిలో కలిపి చూడగా, అందు ప్రాణులు కదలాడుచుండెను. ఎన్నడును పండ్లు తోమని యొక వృద్ధుని నోట అవి మరింత విస్తారముగా నుండెను. వెనిగరు తగులగా పాచి పైనున్నవి చచ్చెను గాని, లోపలివానికి అది చేరలేదు. పాచి సూక్ష్మజీవులకు కోట వంటిదని మనకిందువలన తెలియుచున్నది. లాలాజలములోని కాల్షియము, ఫాస్ఫేటు ఆ పాచిలో పేరుకొని గట్టిపడినదే మన యిండ్లలో గార యనునది.

కొందరికి ఇట్టి రాళ్లే లాలాజల గ్రంథులలో, విశేషించి దవుడ క్రింది గ్రంథి నాళములో, ఏర్పడును. భోజనవేళ వాచి నొప్పి పెట్టును. నేటి శాస్త్రజ్ఞులు ఆ రాళ్లలో బాక్టీరియా జాడలను కనుగొనిరి. ఆ జీవులే రాతికి బీజమా, లేక రాయి లాలాజలమును అడ్డగించిన పిమ్మట అవి చేరినవా యను వివాదము ఇంకను తీరలేదు.

లీవెన్‌హుక్ 90 ఏండ్లు జీవించి 1723 ఆగస్టు 26న మరణించెను. తన అంతిమ వ్యాధి లక్షణములను సైతము వ్రాసి పంపెను. తాను చేసిన వెండి సూక్ష్మదర్శినులు 26 రాయల్ సొసైటీకి చెందవలెనని మరణశాసనము వ్రాసెను. అవి అచ్చటికి చేరినవి గాని, 19వ శతాబ్దమున కనబడకుండ పోయినవి.