ఎడమ పక్కన నడిచినవాళ్ళను చూసిన యాత్రికుడు

బడిలో సోషల్ పుస్తకం చదివిన వాళ్ళందరికీ హుయాన్‌త్సాంగ్ గుర్తుంటాడు. వీపు మీద గ్రంథాల బుట్ట, ఒంటి మీద భిక్షువు బట్టలు. హర్షుడి పాఠంలో వచ్చి వెళ్ళిపోతాడు. నలందా గొప్పదన్నాడు, హర్షుడు దానశీలి అన్నాడు, ఈ దేశపు జనం శుభ్రంగా ఉంటారన్నాడు. పరీక్షకు అంతవరకు చాలు. ఇవాళ విదేశీయుడెవరైనా మన రైలు పట్టాలో, మురుగు కాలువలో చూసి ముక్కు మూసుకున్నాడంటే కొందరు వెంటనే ఈయన్ని సాక్ష్యానికి పిలుస్తారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే చైనావాడు మన శుభ్రతను మెచ్చుకున్నాడు కదా అంటారు. మెచ్చుకున్నమాట నిజమే. కానీ అదే పుస్తకంలో, అదే అధ్యాయంలో ఆయన ఇంకొకటి కూడా రాశాడు. నేను చదువుకున్న పాఠంలో అది లేదు.

ఆయన సుమారు 602లో చైనాలోని లుయోయాంగ్ దగ్గర, చదువుకున్న కుటుంబంలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. రెండో అన్న అప్పటికే భిక్షువు. ఆ అన్న వెంట విహారానికి వెళ్ళిన పిల్లవాడు పదమూడేళ్ళకే అక్కడే ఉండిపోయాడు. అంతలో సుయ్ రాజవంశం కూలిపోయింది, దేశమంతా యుద్ధం, కరువు. అన్నదమ్ములిద్దరూ ఊళ్ళు మారుతూ చెంగ్డూ చేరారు. 622లో అతను పూర్తి దీక్ష తీసుకున్నాడు. చైనా భాషలోకి వచ్చిన బౌద్ధ గ్రంథాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, అసలు గ్రంథాలు ఉన్నచోటికే వెళ్ళి చదవాలని అతనికి గట్టిగా అనిపించింది. అప్పట్లో దేశం దాటడానికి చక్రవర్తి అనుమతి లేదు. 629లో దొంగచాటుగా, పగలు దాక్కుంటూ రాత్రులు నడుస్తూ బయల్దేరాడు.

ఎడారిలో నీళ్ళ తిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేదు. తుర్ఫాన్ రాజు తన దగ్గరే గురువుగా ఉండిపొమ్మని పట్టుబడితే అన్నం మానేసి కూర్చున్నాడు, రాజే దిగొచ్చాడు. మంచు కొండలు, సమర్‌ఖండ్, బల్ఖ్, బామియాన్, గాంధారం దాటాడు. కాశ్మీరంలో రెండేళ్ళు చదువుకున్నాడు. గంగ మీద దొంగలు పట్టుకుని దుర్గకు బలి ఇవ్వబోయారు, గాలివాన పుణ్యమా అని బతికిపోయాడు. ఈ కథలన్నీ ఆయన శిష్యుడు హుయ్‌లీ రాసిన జీవిత చరిత్రలో ఉన్నాయి, అవి సినిమాలా సాగుతాయి. మనకు కావలసింది అది కాదు. ఆయన స్వయంగా చెప్పి రాయించిన పుస్తకం, పశ్చిమ దేశాల వృత్తాంతం.

అందులో రెండో భాగం మొదట్లో, ఊళ్ళ గురించి చెప్పడానికి ముందు, ఈ దేశం మొత్తం ఎలా ఉంటుందో ఒకచోట చెప్పాడు. కొలతలు, కాలాలు, బట్టలు, చదువు, కులాలు, న్యాయం, తిండి. శుభ్రత గురించి రాసింది కూడా అక్కడే. వీళ్ళ శుభ్రత ఎవరో బలవంతపెడితే వచ్చింది కాదు, వాళ్ళంతట వాళ్ళు పాటించేది అన్నాడు. తినే ముందు తప్పకుండా కడుక్కుంటారు. మిగిలిన అన్నం మళ్ళీ తినరు. ఒకరి గిన్నె ఇంకొకరికి అందించరు. మట్టివి, కొయ్యవి ఒక్కసారి వాడి పారేస్తారు, లోహపు పాత్రలైతే తోమి మెరిపిస్తారు. తిన్నాక పుల్లతో పళ్ళు శుభ్రం చేసుకుంటారు. మలమూత్రాలకు వెళ్ళొస్తే కడుక్కోవాల్సిందే. ఒంటికి గంధం లాంటి పరిమళాలు పూసుకుంటారు. శుభ్రమయ్యేదాకా ఒకరినొకరు ముట్టుకోరు.

చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. శుభ్రత గురించి మొదలైన మాట ముట్టుకోకపోవడం దగ్గరికి వచ్చి ఆగింది. ఒకసారి వాడి పారేసే మట్టి పాత్ర గురించి చదువుతుంటే రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్ళకు ఇంకేదో గుర్తుకొస్తుంది. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ ఆయన చూసిన శుభ్రతలో నీళ్ళెంత ఉన్నాయో దూరం కూడా అంతే ఉంది.

అంతకు ముందే పట్టణాల గురించి చెబుతూ ఒక మాట రాశాడు. ప్రహరీ గోడలు, వంకర సందులు, దారికి అటూ ఇటూ అంగళ్ళు. ఆ వెంటనే కసాయివాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఆటపాటలవాళ్ళు, తలారులు, మలం ఎత్తేవాళ్ళు. వీళ్ళ ఇళ్ళకు గుర్తు పెడతారు. ఊరి బయటికి తోసేస్తారు. ఊళ్ళోకి వచ్చిపోయేటప్పుడు వీళ్ళు దారికి ఎడమ పక్కగా ఒదిగి నడవాలి. అంతే. వెంటనే మళ్ళీ ఇళ్ళ గోడలు, పైకప్పులు. నేలను ఆవు పేడతో అలికి శుద్ధి చేస్తారట, దాని మీద ఆ కాలంలో పూసే పూలు చల్లుతారట. ఆవు పేడ ఇంట్లోకి వస్తే శుద్ధి. మనిషి మలం ఎత్తే మనిషి ఊరి బయట. ఈ రెండింటికీ మధ్య ఆయన పుస్తకంలో నాలుగైదు వాక్యాల దూరం కూడా లేదు.

తిండి గురించి చెప్పినచోట కూడా ఊరి గోడ మళ్ళీ వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి తినేవాళ్ళు అరుదు, తింటే ఊరి బయటికి పంపేస్తారు. చేప, గొర్రె, జింక మాంసం తినొచ్చు. ఎద్దు, గాడిద, ఏనుగు, గుర్రం, పంది, కుక్క మాంసాలు నిషిద్ధం. అవి తినేవాళ్ళను అందరూ ఛీ అంటారు, వాళ్ళు గోడ అవతల ఉంటారు, మనుషుల్లోకి రావడమే అరుదు. అంటే ఏడో శతాబ్దంలో ఊరి బయటికి రెండు దారులున్నాయి. చేసే పని ఒకటి, తినే తిండి ఒకటి.

వీటిలో ఏ మాటా ఆయన కోపంతో రాయలేదు, జాలితోనూ రాయలేదు. వానాకాలం ఎన్ని నెలలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. దానికి కారణం ఉంది. ఈ పుస్తకం తాంగ్ చక్రవర్తి తైజోంగ్ అడిగితే తయారైంది. పడమటి దేశాల తీరుతెన్నులు ఆ ప్రభువుకు కావాలి. ఇంకో కారణం, ఆయన దిగిన చోట్లు. విహారాలు, రాజుల కొలువులు, పండితుల ఇళ్ళు. పదహారేళ్ళ ప్రయాణంలో గుర్తు పెట్టిన ఆ ఇళ్ళలో ఒక్కదాని ముందైనా ఆగి మాట్లాడినట్టు ఎక్కడా లేదు. గోడ లోపలివాళ్ళు చెప్పింది విన్నాడు, దారి ఎడమ పక్క ఒదిగి పోతున్నవాళ్ళను కళ్ళతో చూశాడు. బుద్ధుడి సంఘంలో సునీతుడు ఉన్నాడు. వాడిన పూలు ఊడ్చే పుక్కుస కులస్థుడు, భిక్షువై అర్హతుడయ్యాడు. ఆ సంఘం నుంచి వచ్చిన ఈ భిక్షువుకు ఆ దృశ్యం దగ్గర సునీతుడు గుర్తుకు రాలేదా అన్నది నన్ను వదలని ప్రశ్న.

సుమారు 637లో నలందా చేరాడు. ముసలి గురువు శీలభద్రుడి దగ్గర యోగాచార శాస్త్రం చదివాడు. తర్వాత తూర్పు తీరం మీదుగా దక్షిణానికి దిగి మన దగ్గరికీ వచ్చాడు. ఆంధ్ర దేశాన్ని, ధాన్యకటకాన్ని వేరు వేరు రాజ్యాలుగా రాశాడు. ఆంధ్ర రాజధాని వేంగి, అంటే ఏలూరు దగ్గరి పెదవేగి ప్రాంతం. మాట మధ్యదేశపు మాట కాదు, లిపి మాత్రం దాదాపు అదే అన్నాడు. ధాన్యకటకం అమరావతి, ధరణికోటలే అని ఎక్కువమంది అంటారు, బెజవాడ అన్నవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఆయన చూసింది పాడుబడిన విహారాలను. చాలావాటిలో మనుషుల్లేరు, సుమారు ఇరవై మాత్రం నడుస్తున్నాయి, వెయ్యిమంది భిక్షువులున్నారు. దేవాలయాలు మాత్రం వందకు పైనే. కొన్ని నెలలు ఉండి ఇద్దరు స్థానిక భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్ళకు చెప్పాడు. ఒకప్పుడు ఆ విహారాలకు అన్నం పెట్టిన జనం ఏమయ్యారో ఆయన రాయలేదు.

కాంచీపురం దాకా వెళ్ళి, పడమటి తీరం చుట్టి, మళ్ళీ నలందా వచ్చాడు. హర్షుడు కన్యాకుబ్జంలో సభ పెట్టి ఆయనకు పెద్ద పీట వేశాడు, ప్రయాగలో రెండున్నర నెలలు దానాలు చేశాడు. ఇదంతా పాఠాల్లో ఉన్నదే. 643లో తిరుగు ప్రయాణం. సింధు నది దాటేటప్పుడు పడవ ఊగి యాభై ప్రతులు నీళ్ళపాలయ్యాయి. 645లో ఛాంగాన్ చేరేసరికి ఆయన వెంట 657 గ్రంథాలున్నాయి. దొంగచాటుగా పోయినవాడిని చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. చక్రవర్తి కొలువులో పదవి ఇస్తానంటే వద్దన్నాడు. శిష్యుడు బియాన్‌జీ సాయంతో 646లో వృత్తాంతం పూర్తిచేసి ఇచ్చి, మిగిలిన బతుకంతా అనువాదాలకే పెట్టాడు. 75 గ్రంథాలు, 1335 సంపుటాలు.

ఆయన ఒక్కడి మాటే అయితే పొరపాటు పడ్డాడనుకోవచ్చు. ఆయనకు రెండు వందల ఏళ్ళ ముందు వచ్చిన ఫాహియాన్, చండాలురు ఊళ్ళోకో సంతకో వచ్చేటప్పుడు కర్ర మీద కొట్టి చప్పుడు చేస్తారని, అది విని జనం తప్పుకుంటారని రాశాడు. ఆయన వెళ్ళిపోయిన ముప్పై ఏళ్ళకు, 673లో తామ్రలిప్తిలో దిగిన ఇత్సింగ్, మలం మోసేవాళ్ళు కర్ర చప్పుడు చేసుకుంటూ పోతారని, పొరపాటున తగిలితే ఒళ్ళూ బట్టలూ కడుక్కుంటారని రాశాడు. ముగ్గురూ బౌద్ధులే, ముగ్గురూ ఈ దేశాన్ని పుణ్యభూమి అనుకుని వచ్చినవాళ్ళే. చెడ్డపేరు తేవాలన్న ఉద్దేశం వీళ్ళలో ఎవరికీ లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ పుస్తకం ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి వచ్చింది. కన్నింగ్‌హామ్ దాన్ని చేత పట్టుకుని మట్టిలో కలిసిన బౌద్ధ క్షేత్రాలను వెతికాడు. నలందా ఇవాళ మనకు కనబడుతోందంటే ఆ అడుగుల లెక్కలు సాయపడ్డాయి. కానీ ఎడమ పక్కన నడిచినవాళ్ళ వాక్యాన్ని తవ్వి తీసి దాని బరువెంతో చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. అంటరానివాళ్ళు ఎవరు, ఎందుకలా అయ్యారు అని 1948లో తెచ్చిన పుస్తకంలో ఆయన ఈ యాత్రికులిద్దరినీ పక్కపక్కన పెట్టాడు. ఫాహియాన్ చెప్పింది చండాలుర గురించి మాత్రమే, హుయాన్‌త్సాంగ్ జాబితాలో చండాలురు కానివాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి ఈ మధ్యలోనే అంటరానితనం పుట్టి ఉండాలని ఆయన తర్కం. సుమారు 400 ప్రాంతంలో పుట్టిందని లెక్కకట్టాడు. బౌద్ధాన్ని వదలనివాళ్ళు, గొడ్డు మాంసం మాననివాళ్ళు వెలివాడ పాలయ్యారన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. అయినా తేదీ వేయడంలోనే ఒక పెద్ద విషయం ఉంది. తేదీ ఉన్నదేదీ అనాది కాదు. ఎప్పుడో ఒకప్పుడు మనుషులు మొదలుపెట్టిందే అవుతుంది.

మనిషి మలం మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993లో ఒకసారి, 2013లో మరోసారి వచ్చింది. తర్వాత కూడా మ్యాన్‌హోళ్ళలో దిగినవాళ్ళ చావు కబుర్లు ఆగలేదు. వీధి శుభ్రంగా ఉందా లేదా అని మాత్రమే చూసే యాత్రికుడికి, అప్పుడైనా ఇప్పుడైనా, ఆ శుభ్రత ఎవరి చేతుల మీద నడుస్తోందో కనబడదు. హుయాన్‌త్సాంగ్‌కు కనబడింది. అంతవరకు ఆయనకు రుణపడి ఉన్నాం.

663లో ఆరు వందల సంపుటాల మహాప్రజ్ఞాపారమిత అనువాదం ముగించాక ఆయన తన పని అయిపోయిందన్నాడు. 664 మొదట్లో కన్నుమూశాడు. పోయేముందు శిష్యులకు ఒక కోరిక చెప్పాడని హుయ్‌లీ రాశాడు. ఆడంబరాలు వద్దు, తనను ముతక చాపలో చుట్టి మోసుకుపొమ్మన్నాడు. కొండ వాగు పక్క మనుషులు తిరగని చోటు చూసి పెట్టమన్నాడు, రాజభవనాలకు, విహారాలకు దగ్గరలో వద్దన్నాడు. తన ఒళ్ళు అశుద్ధమైనదని, దాన్ని దూరంగానే ఉంచాలని కారణం కూడా చెప్పాడు. ఛాంగాన్‌కు తూర్పున ఉన్న తెల్ల జింకల మైదానంలో ఆయన్ని పాతిపెట్టారు.