పౌలుగారికి ఈ అధికారం ఎక్కడిది?

జూన్ 29న పునీత పేతురు, పౌలు గార్ల మహోత్సవాన్ని ఒకే రోజున జరుపుకుంటాం. స్వరూపాలలో ఒకరి చేతిలో తాళపుచెవులు, మరొకరి చేతిలో ఖడ్గం చూస్తాం. ఈ ఇద్దరి మధ్య ఒకసారి అందరి ఎదుట తగవు వచ్చిందని మీకు తెలుసా? ఆ సంగతి పౌలుగారే గలతీయులకు వ్రాసిన లేఖలో దాచకుండా చెప్పారు.

పౌలుగారు నేటి టర్కీ దేశంలోని తార్సు పట్టణంలో పుట్టిన యూదుడు, పరిసయ్యుడు. గుడారాలు చేసే పని నేర్చినవారు. ధర్మశాస్త్రం మీది పట్టుదలతో శ్రీసభను హింసించారు. స్తెఫానుగారిని రాళ్ళతో కొట్టి చంపినప్పుడు, కొట్టినవారి పైబట్టలు ఈయన పాదాల దగ్గరే ఉన్నాయి. డమస్కు మార్గంలో ఉత్థాన క్రీస్తు దర్శనం సంగతి మీ పిల్లలకు కూడా తెలుసు కాబట్టి ముందుకు వెళ్దాం.

ఆయన పన్నెండుమందిలో ఒకరు కారు. ప్రభువుతో గలిలయలో తిరగలేదు. ఆయన స్థాపించిన గలతియ సంఘాలకు కొందరు బోధకులు వచ్చి, క్రీస్తును విశ్వసిస్తే చాలదు, సున్నతి కూడా కావాలన్నారు. విశ్వాసులు ఊగిసలాడారు. పౌలుగారికి ఎంత బాధ కలిగిందంటే, ఆయన లేఖల మొదట్లో మామూలుగా కనిపించే కృతజ్ఞతాస్తుతి ఇందులో లేదు. తన పిలుపు మనుష్యులిచ్చినది కాదని మొదటి వాక్యంలోనే తేల్చేశారు.

అలాగని ఎవరితోనూ సంబంధం లేకుండా తిరిగారా? లేదు. మూడేళ్ళ తర్వాత యెరూషలేము వెళ్ళి పేతురుగారి దగ్గర 15 రోజులు ఉన్నారు. 14 ఏళ్ళ తర్వాత బర్నబా, తీతులతో మళ్ళీ వెళ్ళి, తాను ప్రకటిస్తున్న సువార్తను పెద్దల ముందు పెట్టారు. గ్రీకువాడైన తీతుకు సున్నతి చేయించాలన్న బలవంతం అక్కడ నెగ్గలేదు. యాకోబు, పేతురు, యోహాను గార్లు చేయి కలిపి, పేదలను మరువవద్దని మాత్రం కోరారు.

తగవు వచ్చింది అంతియొకయలో, అదీ భోజనాల దగ్గర. అన్యులలోనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి తింటున్న పేతురుగారు, యాకోబుగారి దగ్గరనుండి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నారు. బర్నబా కూడా ఆ దారే పట్టారు. ఎవరు ఎవరి బంతిలో కూర్చోవచ్చన్న లెక్క ఎంత లోతుగా గుచ్చుకుంటుందో మన ఊళ్ళవారికి వేరే చెప్పాలా? పౌలుగారు అందరి ముందే నిలదీశారు. దేవుడు తన కృపచేత, క్రీస్తు మరణం ద్వారా నీతిమంతులుగా చేసినవారిని బల్ల దగ్గర తక్కువవారిగా చూస్తే ఆ మరణానికి విలువేమిటన్నది ఆయన వాదం. పేతురుగారి అధికారాన్ని ఆయన కాదనలేదు. అది ఏ సువార్త కోసం ఇవ్వబడిందో గుర్తుచేశారు. పేతురుగారు ఏమి బదులిచ్చారో లేఖలో లేదు.

కృప ఉచితం కదా, ఇక మంచి పనులెందుకని అడిగేవారున్నారు. ప్రేమతో పనిచేసే విశ్వాసాన్నే అదే లేఖ కోరుతుంది. శతాబ్దాలు సాగిన ఈ వివాదంపై కతోలిక శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి.

పేదల గురించి ఇచ్చిన మాటను పౌలుగారు మరువలేదు. మాసిదోనియ, అకాయ సంఘాలలో చందా పోగుచేసి యెరూషలేముకు తీసుకువెళ్ళారు. అక్కడే బంధింపబడ్డారు. తర్వాత సంకెళ్ళతో రోము చేరారు. నీరో చక్రవర్తి కాలంలో అక్కడే వేదసాక్షిగా మరణించారని శ్రీసభ సంప్రదాయం. ఓస్తియా మార్గంలో ఆయన సమాధిపై కట్టిన బసిలికాకు నేటికీ యాత్రికులు వెళ్తున్నారు.