జలాంతర్గామికి కన్ను: ఇసాక్ పెరాల్

పలాస నుండి ఉద్దానపు కొబ్బరితోటల గుండ తూర్పునకు పోయినచో సముద్రతీరము చేరుదుము. అచ్చటి ఇసుకలో పీత తన దేహమునంతయు దాచుకొని, కాడలవంటి కన్నులను మాత్రము పైకెత్తి నలుదెసలు పరికించుచుండును. మానవుడు నీట మునుగు ఓడను నిర్మించినను, దానికి చాలకాలము అట్టి కన్ను లేకపోయెను. మునిగిన నావికుడు దారి తెలియుటకై మాటిమాటికి పైకి తేలవలసి వచ్చెను; తేలినంతనే శత్రువు కంటబడు భయము. ఈ చిక్కును విప్ప బూనిన తొలివారిలో స్పెయిను దేశీయుడగు ఇసాక్ పెరాల్ ఒకడు.

పెరాల్ 1851లో కార్తహేనా రేవుపట్టణమున జన్మించెను. నౌకాదళాధికారియై, పిదప భౌతికశాస్త్రమును బోధించెను. 1885లో కరోలిన్ దీవులను గూర్చి స్పెయినుకు జర్మనీతో వివాదము రేగగా, బలమైన యుద్ధనౌకలు లేని స్వదేశమునకు రక్షణ యేమని అతడు చింతించి, తన జలాంతర్గామి ప్రణాళికను ప్రభుత్వము నెదుట నుంచెను.

1888 సెప్టెంబరు 8వ తేదీన ఆ ఓడ కాదిజ్ సమీపమున జలప్రవేశము చేసెను. దాని పొడవు 22 మీటర్లు. విద్యుద్ఘటములే దానిని నడపును. అన్నింటికంటె వింతయైనది దాని దృశ్యగోపురము. నీటిపైకి నిలుచు ఆ గోపురములోని పట్టకములును కటకములును వెలుపలి దృశ్యమును క్రిందికి మఱల్చి, నాయకుని యెదుటి బల్లపై ప్రతిబింబముగా పడవేయును. చీకటి గదిలోనికి తలుపు సందున వెలుగు చొచ్చి, వీధిలో పోవువారి బొమ్మలు గోడపై తలక్రిందులుగా కదలుట మీలో కొందఱు చూచియే యుందురు. కెమెరాకు మూలసూత్రమదియే. లాటిను భాషలో కెమెరా యనగా గదియే గదా!

1890 జూనులో ఆ ఓడ పది మీటర్ల లోతున సుమారొక గంట ప్రయాణించెను. పిదప కొలోన్ అను యుద్ధనౌకపై మాదిరి దాడులు జరిపిరి. రాత్రివేళ ఎవరికిని కానరాక అది నౌకను సమీపించెను. పగటివేళ మాత్రము, నౌకలోనివారు ముందే కాచుకొని యుండుటచే, దూరముననే పట్టుబడెను. చూడవలెనన్న గోపురము పైకి రావలెను. పైకి వచ్చినచో దాగుట కష్టము.

ప్రజలు పెరాల్‌కు బ్రహ్మరథము పట్టిరి. నౌకాశాఖ పెద్దలు మాత్రము అతని ఓడను నిరాకరించిరి. అతడు కొలువు విడిచి, విద్యుత్పరిశ్రమతో జీవనము సాగించెను. 1895లో, నలుబది మూడేండ్ల ప్రాయమున, శస్త్రచికిత్సకై బెర్లిను వెళ్లి అచ్చటనే మరణించెను. మూడేండ్లకు అమెరికాతో జరిగిన యుద్ధమున స్పెయిను నౌకాబలము నాశనమయ్యెను. యంత్రములు ఊడదీసి పాడువెట్టిన ఆ ఓడ దేహము మాత్రము నిలిచి, నేడు కార్తహేనా నౌకాప్రదర్శనశాలలో నున్నది.