ఎస్.ఆర్. రంగనాథన్: వెతుకులాటకు క్రమం నేర్పిన గ్రంథపాలకుడు

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధిస్తున్న శియాళి రామామృత రంగనాథన్ 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథపాలకుడిగా చేరారు. పట్టుమని పది రోజులు గడవకముందే ఆ కొలువు ఆయనకు విసుగు పుట్టించింది. విద్యార్థుల సందడికి అలవాటుపడిన అధ్యాపకుడికి గ్రంథాలయంలోని ఏకాంతం భరించరానిదైంది. పాత ఉద్యోగం తిరిగి ఇప్పించవలసిందిగా వేడుకున్నారు. ముందు లండన్ వెళ్లి గ్రంథాలయ నిర్వహణను అధ్యయనం చేసి రావాలని, అప్పటికీ మనసు మారకపోతే అధ్యాపక పదవి లభిస్తుందని ఒప్పందం కుదిరింది. ఆ పదవి కోసం ఆయన మళ్లీ అడగలేదు.

రంగనాథన్ తంజావూరు ప్రాంతంలోని శియాళిలో 1892లో జన్మించారు. బాల్యంలో నత్తి ఆయనను బాధించింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితంలో పట్టభద్రులై, మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలల్లో అధ్యాపకులుగా పనిచేశారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు బెర్విక్ సేయర్స్ గురువుగా లభించారు. బ్రిటన్‌లోని అనేక గ్రంథాలయాలను ఆయన స్వయంగా దర్శించారు. అక్కడ పుస్తకాల అమరికలో ఒక లోపం ఆయనను వెంటాడింది. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో ప్రతి విషయానికీ ముందుగానే ఒక అర కేటాయించి ఉంటుంది. కొత్త విషయం పుట్టినప్పుడు గాని, రెండు మూడు విషయాలు ఒకే గ్రంథంలో కలిసినప్పుడు గాని అది ఏ అరలోనూ సరిగా ఇమడదు. అలా తప్పు చోట చేరిన పుస్తకం పాఠకుడి దృష్టిలో లేనట్టే.

పరిష్కారం ఆయనకు ఒక దుకాణంలో దొరికింది. లండన్‌లోని సెల్ఫ్రిజెస్ విపణిలో మెకానో అనే ఆటవస్తువును ప్రదర్శిస్తుండగా ఆయన చూశారు. అవే ఇనుప పట్టీలు, చక్రాలు, మరలతో అమ్మకందారు ఒక్కొక్కసారి ఒక్కొక్క బొమ్మను నిర్మించి చూపుతున్నాడు. విషయాలను కూడా ఇలాగే విడి భాగాలుగా ఉంచి, అవసరమైనప్పుడు కలుపుకోవచ్చునని రంగనాథన్‌కు స్ఫురించింది. భాగాలను కలిపే మరగా ఆయన కోలన్ గుర్తును ఎంచుకున్నారు. 1925లో స్వదేశానికి తిరిగి వచ్చి, ఆ ఆలోచనను మద్రాసు గ్రంథాలయంలో పరీక్షించి, 1933లో కోలన్ వర్గీకరణ గ్రంథాన్ని వెలువరించారు. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, గ్రంథాలయ శాస్త్రానికి పంచ సూత్రాలను అందించారు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్నది వాటిలో నాలుగవది.

ఆయన పద్ధతిలో ప్రతి విషయాన్నీ అయిదు ప్రశ్నలతో విడదీయవచ్చు: అది ప్రధానంగా దేనిని గురించినది, ఏ పదార్థానికి చెందినది, ఏ క్రియ జరుగుతోంది, ఎక్కడ, ఎప్పుడు. ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్ కిరణాల చికిత్సపై 1950లో భారతదేశంలో జరిగిన పరిశోధన అనే విషయానికి ముందుగా అర ఉండనక్కరలేదు. అవయవం, వ్యాధి, చికిత్స, దేశం, కాలం అనే అంశాలను వరుసగా కూర్చితే దాని స్థానం దానంతట అదే ఏర్పడుతుంది.

నేటి ఆన్‌లైన్ దుకాణాల శోధన సూచికను రూపొందించేవారు ఎదుర్కొనే చిక్కు కూడా ఇదే. ధర్మవరం పట్టుచీరను ఒకే శాఖ కింద ఉంచితే, ఊరి పేరుతో వెదికేవారికి దొరికినది రంగుతో వెదికేవారికి దొరకదు. అందువల్ల నేత, రంగు, ఊరు, ధర అనేవి వేర్వేరు గడులుగా ఉండాలి. ఎరుపు, ఎర్ర, రెడ్ అనే మాటలన్నీ ఒకే విలువకు చేరాలి. వర్గీకరణకు ఎంచుకునే లక్షణం ప్రయోజనానికి తగినదై, నిర్ధారించదగినదై, స్థిరమైనదై ఉండాలని రంగనాథన్ 1937 నాటి ప్రొలెగోమెనాలో నియమాలు ఏర్పరిచారు. చీర నేత మారదు. ధర, నిల్వ మాత్రం రోజురోజుకూ మారుతాయి. ఈ తేడాను ముందుగా గుర్తించని సూచికను వస్తువులు లక్షలకు చేరిన తరువాత మొదటినుంచి తిరిగి కట్టవలసి వస్తుంది.

సుమారు రెండు దశాబ్దాల సేవ అనంతరం, పాలకవర్గంతో విభేదాల నడుమ ఆయన మద్రాసు విశ్వవిద్యాలయాన్ని వీడారు. 1945లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి సుమారు లక్ష పుస్తకాలను తానే స్వయంగా వర్గీకరించారు. అటుపై ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆయన కృషి ఫలితంగా రూపుదిద్దుకున్న 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం, గ్రంథాలయ సుంకంతో సహా నాటి ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది. 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. గ్రంథాలయ శాస్త్ర పీఠం కోసం తన జీవితకాలపు పొదుపును మద్రాసు విశ్వవిద్యాలయానికే భార్య శారద పేరిట సమర్పించారు. 1962లో బెంగళూరులో ప్రలేఖన పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1972 సెప్టెంబరు 27న అదే నగరంలో కన్నుమూశారు.

కోలన్ వర్గీకరణను సంపూర్ణంగా అనుసరించే గ్రంథాలయాలు తక్కువే. అనేక చోట్ల నేటికీ డ్యూయీ అంకెలే కనిపిస్తాయి. అయితే విషయాన్ని విడి పార్శ్వాలుగా చూడాలన్న ఆలోచనను లండన్‌లోని వర్గీకరణ పరిశోధకులు 1950ల్లోనే స్వీకరించారు. ఆయన జన్మదినంగా భావించే ఆగస్టు 12ను దేశం జాతీయ గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటోంది. చరవాణిలో రంగు, కొలత, ధర అని ఒక్కొక్క గడిని ఎంచుకుంటూ తనకు కావలసిన వస్తువును చేరుకునే కొనుగోలుదారుడు, శియాళి గణితజ్ఞుడు పాఠకుల కోసం వేసిన బాటలోనే నడుస్తున్నాడు.